ఓడకి వెళ్ళిన పసుపు కవరు

నేను సముద్రం మీద ఒక్క పూట కూడా ప్రయాణం చేయలేదు. సముద్రం దాకా ఎందుకు, కొవ్వూరు రేవులో లాంచీ ఎక్కితే గోదావరి మధ్యకి వెళ్ళేసరికి నా కడుపులో తిప్పడం మొదలవుతుంది. అలాంటి నా బీరువాలో చీరల కింద, నాఫ్తలిన్ ఉండలకి దూరంగా, ఒక నౌకాదళం ఉంది.

ఓడలు కావు, ఓడల నుంచి వచ్చిన కవర్లు. ఒక ఖాళీ కవరు మీద నా చిరునామా నేనే రాసుకుని, స్టాంపు అంటించి, దాన్ని ఇంకాస్త పెద్ద కవర్లో పెట్టి, ఓడలో ఉండే పెద్ద అధికారికి పంపుతాను. "అయ్యా, నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మీ ఓడ ముద్రలు సేకరించడం నా సరదా. దయచేసి లోపలి కవరు మీద స్పష్టంగా ముద్ర వేయించి తిరిగి పంపగలరు" అని ఒక ఉత్తరం జత చేస్తాను. అక్కడ ఎవరికో ఓపిక ఉంటే, స్టాంపు మీద తారీఖు ముద్ర ఒకటి, పక్కన ఓడ సొంత గుండ్రటి ముద్ర ఒకటి వేసి పంపుతారు. లేకపోతే లేదు. విశాఖ బీచ్‌లో ఇసుక మీదకి ఎక్కించి పెట్టిన జలాంతర్గామి ఉంది చూడండి, అది నీళ్ళలో తిరిగే రోజుల్లో దాని మీద నుంచి బయల్దేరిన కవరు ఒకటి నా దగ్గర ఉంది. జనం దాన్ని క్యూలో నిలబడి చూస్తారు. నేను మంచం మీద కాళ్ళు బారచాపుకుని చూస్తాను.

కవరు తిరిగొచ్చిన రోజు నాకు ఒంటి మీద తెలివి ఉండదు. చారులో ఉప్పు రెండుసార్లు పడుతుంది. తొమ్మిదో తరగతికి హోంవర్క్ ఉండదు. అటెండెన్స్ పిలిచేటప్పుడు నా గొంతు విని మా పిల్లలు కనిపెట్టేస్తారు. "ఇవాళ టీచర్ గారికి ఓడ వచ్చిందిరా" అని వెనక బెంచీలో ఒకడు గుసగుసలాడితే, విననట్టు బోర్డు వైపు తిరిగి నవ్వుకుంటాను.

మా వీధిలో మొదట్లో నేను నేవీలో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నానని అనుకున్నారు. ఈ వయసులో ఎలా తీసుకుంటారని ఎదురింటావిడ మా ఆయన్ని నిలేసి అడిగింది కూడా. మా ఆయనకి పంపుసెట్ల మోటార్లు బాగుచేసే షాపు ఉంది. మోటారు తప్ప మరేదీ ఆయనకి పెద్ద విషయం కాదు. "తీసుకుంటారనే ఆశండి" అని చెప్పి ఊరుకున్నాడు. ఆ మాట వీధంతా తిరిగి నా దగ్గరికి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నన్ను చూసి అందరూ ఎందుకంత మర్యాదగా నవ్వారో అప్పుడు అర్థమైంది.

ఈ పిచ్చి అంటించింది మా మామయ్యగారు. ఆయన్ని నేను ఫొటోలో తప్ప చూడలేదు. నేను కోడలిగా వచ్చేనాటికే ఆయన లేరు. వయసులో ఉండగా ఒక యుద్ధనౌకలో వంటవాడిగా పనిచేశారు. ఆ ఓడ పేరు రాయను. రాస్తే నేను ఎవరో, నా బీరువా ఏ గదిలో ఉందో కూడా కొవ్వూరులో చెప్పేస్తారు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు ట్రంకుపెట్టె ఎండబెడుతుంటే సాయం కూర్చున్నాను. అడుగున ఒక ఉత్తరం కనిపించింది. పాలకొల్లులో మా అత్తయ్యగారి పుట్టింటి చిరునామా, మూలన స్టాంపు, దాని మీద నల్లటి ముద్ర, పక్కనే లంగరు బొమ్మతో గుండ్రంగా ఓడ పేరు. ఓడ కొలువులో చేరిన తొలి ఏడాది ముద్ర అది. ఓడ మీద నుంచి ఉత్తరం బయల్దేరి, ఎన్ని నీళ్ళు దాటి, చివరికి పాలకొల్లు సందులో ఒక అరుగు మీద వాలిందన్న ఆలోచనకే నాకు కళ్ళు తిరిగాయి.

"ఇది నాకిస్తారా అండీ?" అని అడిగాను.

ఆవిడ కవర్లోంచి కాగితం తీసి, మడత కూడా విప్పకుండా పెట్టెలో వేసుకున్నారు. "కవరు కావాలంటే తీసుకో అమ్మాయ్. ఉత్తరం మాత్రం ఇవ్వను" అన్నారు. పెళ్ళినాటి ఉత్తరం కదా, సిగ్గేమో అనుకుని నేనూ మళ్ళీ అడగలేదు. నాకు కావలసింది కవరే.

ఆ కవరుకి ఒక్కటే లోటు. ఎడమ వైపు కింది మూల ముదురు గోధుమ రంగులో ఒక మరక ఉంది. మిగిలిన మూలల్లో ఒకటి చింపి తెరిచినప్పుడు పోయింది, ఇంకొకటి పురుగు కొట్టేసింది, మూడోదాని మీద స్టాంపు, ఆ స్టాంపు నిండా సిరా. ఈ మిగిలిన ఒక్క మూలకీ మరక. వంటవాడు రాసిన ఉత్తరం, కాబట్టి కూర మరక. ఇందులో నాకు ఏ అనుమానమూ కలగలేదు. రబ్బరుతో రుద్దాను, బ్రెడ్డు ముక్కతో అద్దాను, పోలేదు. చివరికి ఆల్బంలో ఫొటోలకి పెట్టే నల్ల కాగితపు మూల ఒకటి తెచ్చి దాన్ని కప్పేశాను. రాజమండ్రిలో స్టాంపుల ప్రదర్శన పెట్టినప్పుడు ఫారంలో లోపాలు అన్న గడిలో నిజాయితీగా "కూర మరక" అని రాశాను. జడ్జిగారు నల్ల మూల ఎత్తి చూసి మార్కులు తగ్గించారు. ఇంటికొచ్చి భోజనాల దగ్గర, "మీ నాన్నగారు చెయ్యి కడుక్కుని రాసుంటే నాకు మొదటి బహుమతి వచ్చేది" అని మా ఆయన్ని దెప్పాను. ఆయన నవ్వాడు. అత్తయ్యగారు మజ్జిగ వడ్డిస్తున్నారు. ఆ జోకు నాకు బాగా నచ్చి, తర్వాత చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని.

ఇలా ఉండగా ఒక రోజు స్టాఫ్ రూమ్‌లో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే ఫోన్‌లో మా కవర్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. మామయ్యగారి ఓడ రిటైర్ అవుతోంది. నలభై ఏళ్ళు దాటి నౌకాదళంలో పనిచేసిన ఓడ. ఫలానా రోజు సూర్యాస్తమయానికి జెండా దించేస్తారు. ఆ రోజు తారీఖుతో, ఓడ ముద్రతో కవర్లు వేయించుకోదలచినవాళ్ళు ముందుగా పంపుకోవచ్చు.

నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. తొలి ఏడాది కవరు నా దగ్గర ఉంది. ఆఖరి రోజు కవరు కూడా వస్తే, ఒకే కుటుంబానికి, ఒకే ఓడ నుంచి, మొదలూ చివరా. దేశం మొత్తం మీద ఇంకెవరి దగ్గరైనా అలాంటి జత ఉందేమో నాకు తెలియదు. ఉండకూడదని మాత్రం గట్టిగా కోరుకున్నాను. ఆ రోజు దాటితే ఇక ఆ ముద్ర ఎక్కడా పడదు. పక్కన లెక్కల టీచర్ "ఏమైందండీ, ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అని అడిగింది. "మా ఓడ రిటైర్ అవుతోందండి" అన్నాను. ఆవిడ నా చేతిలో పేపర్ల కట్ట మెల్లగా తీసి తన వైపు పెట్టుకుంది. నేను దిద్దితే ఆ పూట అందరికీ పాతికకి పాతిక పడేటట్టుందని ఆవిడ భయం.

ఇంటికొచ్చి కవరు తయారు చేయడం మొదలుపెట్టాను. పెళ్ళికూతుర్ని చేసినట్టే చేశాను. మచ్చలేని తెల్ల కవరు. పడవ బొమ్మ ఉన్న స్టాంపు. చిరునామా మూడుసార్లు చిత్తు రాసుకుని, నాలుగోసారి అసలు. వంగకుండా దానికి ఆనించి ఒక అట్టముక్క. చేతులు సబ్బుతో కడుక్కుని, పౌడరు అద్దుకుని మరీ ముట్టుకున్నాను. మచ్చ పడితే దాని బతుకు అయిపోయినట్టే. ఒక కూర మరకతో పడిన బాధ చాలు.

అత్తయ్యగారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఇదంతా చూస్తున్నారు.

"మీ మామయ్యగారి ఓడేనా అమ్మాయ్?"

"అవునండీ. వచ్చే వారం దానికి ఆఖరి రోజు."

"ఆఖరి రోజంటే ఏంటి? మునిగిపోతుందా?"

"మునగదండీ. రిటైర్ అవుతుంది. జెండా దించేస్తారు. ఇంక సముద్రంలోకి వెళ్ళదు."

"మరి ఈ ఉత్తరం శుభమా, అశుభమా?"

ఇక్కడ మా అత్తయ్యగారి పద్ధతి చెప్పాలి. ఆవిడ లెక్కలో లోకంలో ఉత్తరాలు రెండే రకాలు. శుభమైతే నాలుగు మూలలా పసుపు రాయాలి, వచ్చినదైతే దేవుడి గూట్లో పెట్టాలి. అశుభమైతే చదివిన వెంటనే చించి వీధిలో పారేయాలి, ఇంట్లో ఒక్క క్షణం ఉండకూడదు. మూడో రకం లేదు. ఒకసారి మా ఆయనకి వచ్చిన ఇన్సూరెన్స్ కాగితానికి చుట్టూ నల్ల గీత ఉందని చింపి పారేశారు. ఇంకోసారి ఎరువుల కొట్టువాళ్ళు పంచిన పచ్చరంగు కరపత్రం, అంచులు పసుపుగా ఉన్న పాపానికి, ఆరు నెలలపాటు మా దేవుడి గూట్లో హారతి తీసుకుంది.

"శుభాశుభాలేంటండీ దీనికి. ముద్ర కావాలి నాకు, అంతే" అన్నాను.

"రిటైరైతే దండలు వేస్తారుగా. మీ హెడ్ మాస్టారుకి వేశారు."

"వేస్తారు."

"శాలువా కప్పుతారు."

"ఓడకి శాలువా ఏ కొలతలో దొరుకుతుందండీ" అని నవ్వి, రెండు కవర్లూ ఒకదానిలో ఒకటి పెట్టి, బయటి కవరు అంటించకుండా బల్ల మీద ఉంచాను. లోపల పెట్టాల్సిన ఉత్తరం ఒకసారి చూసి తప్పులుంటే చెప్పమని మా ఆయనకి ఇచ్చాను. ఆయన చూసి, "మోటారు గురించి ఏమీ లేదుగా, బానే ఉంది" అని దాన్నీ లోపల పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న స్కూలుకి ఆలస్యమవుతోంది. చూస్తే బల్ల మీద కవరు చక్కగా అంటించి ఉంది. మా ఆయన ఇన్నాళ్ళకి ఒక పని చేశాడని మురిసిపోయి, దార్లో ఎర్ర డబ్బాలో వేసి, డబ్బాకి దణ్ణం కూడా పెట్టాను. రోజంతా గాలిలో తేలాను. సాయంత్రం నాలుగున్నరకి ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చూస్తే, దేవుడి గూటి ముందు పసుపు కలిపిన చిన్న గిన్నె ఉంది. ఆ రోజు పండగా కాదు, శుక్రవారమూ కాదు.

"ఈ పసుపెందుకండీ?"

"నీ కవరుకే అమ్మాయ్. నువ్వు మర్చిపోయావని నేనే పెట్టాను. నాలుగు మూలలా. జిగురు కనబడకపోతే అన్నం మెతుకులతో అంటించేశాను. బానే అంటుకుంది."

"బయటి కవరుకా, లోపలి కవరుకా?"

"లోపలిదానికే. బయటిది చింపి పారేస్తారుగా."

కాఫీ గ్లాసు అక్కడ పెట్టి వీధిలోకి పరుగెత్తాను. షాపులో మోటారు విప్పుకుని కూర్చున్న మా ఆయన్ని గ్రీజు చేతులతోనే స్కూటరు ఎక్కించాను. డబ్బాలోంచి ఉత్తరాలు ఎప్పుడో తీసేశారని పోస్టాఫీసులో చెప్పారు. అయితే రాజమండ్రిలోనే పట్టుకోవాలి. రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద స్కూటరు, కింద రైలు, వెనక సీట్లో నేను. ఆ రైల్లోనే నా కవరు ఉందేమోనని వంగి చూస్తుంటే, "ఏమోయ్, నువ్వు కూడా గోదాట్లో పడితే పసుపూ కుంకుమా రెండూ పోతాయి" అన్నాడాయన. నాకు కోపంతో పాటు నవ్వు కూడా వచ్చింది. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

రాజమండ్రి స్టేషన్ పక్కన ఉత్తరాలు విడదీసే ఆఫీసులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన మా గోడు అంతా విన్నాడు.

"బస్తా మధ్యాహ్నం బండికే వెళ్ళిపోయిందండి. ఇంతకీ అందులో ఏం పెట్టారండి, అంత కంగారు పడుతున్నారు?"

"పసుపు రాశారండి."

"ఎవరు?"

"మా అత్తగారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మంచిదే కదండి" అన్నాడు. మా ఆయన పక్కకి తిరిగి దగ్గు నటించాడు.

అక్కడే ఇంకో తెల్ల కవరు కొని, మళ్ళీ అన్నీ రాసి, ఈసారి స్పీడ్ పోస్టులో పంపాను. ఉత్తరం రాయడానికి మా ఆయన వీపే బల్ల. ఇంటికి వచ్చేసరికి కోపం ఇంకా చల్లారలేదు. అత్తయ్యగారు దీపం పెట్టి, ఏమీ జరగనట్టు, "దొరికిందా అమ్మాయ్?" అన్నారు.

అప్పుడు నోరు జారాను. "మీకు తెలియని వాటిలో చెయ్యి పెట్టకండి అత్తయ్యగారూ. మామయ్యగారు కూర చేతులతో ముట్టుకుని ఒకటి పాడు చేశారు. మీరు పసుపు చేతులతో ముట్టుకుని రెండోది పాడు చేశారు. మీ ఇంటి వంటిల్లంతా నా కవర్ల మీదే పడింది" అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చంటారు, నోరు జారితే తీసుకోలేం. ఆవిడ నా వైపు ఒక్కసారి చూశారు. తర్వాత పసుపు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి కడిగేసి బోర్లించారు. ఆ వారమంతా నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. ఉప్పు సరిపోయిందా, పాలు వచ్చాయా. నాకు తప్పు చేశానని తెలుసు. కానీ కవరు తిరిగొచ్చే దాకా తప్పు ఒప్పుకోకూడదన్న మొండితనం కూడా ఉంది.

ఓడ ఆఖరి రోజు ఎవరో తీసిన వీడియో గ్రూపులో పెట్టారు. తెల్ల బట్టల్లో నావికులు వరసగా నిలబడ్డారు, బ్యూగిల్ మోగింది, జెండా నెమ్మదిగా దిగింది. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ముక్కు చీదుకున్నాను. అత్తయ్యగారికి చూపించాలనిపించింది. ఇంటికెళ్ళి ఫోన్ ఆవిడ ముందు పెట్టి, "మామయ్యగారి ఓడ" అని మాత్రం అన్నాను. ఆవిడ కళ్ళకి దగ్గరగా పట్టుకుని రెండుసార్లు చూశారు.

"వంటిల్లు చూపించలేదేం?" అన్నారు.

తర్వాత రెండు వారాలకి స్పీడ్ పోస్టు కవరు తిరిగొచ్చింది. తెల్లగా, మచ్చలేకుండా, అచ్చం నేను పంపినట్టే ఉంది. తారీఖు చూశాను. ఆఖరి రోజుకి మర్నాటిది. మధ్యలో ఏవో సెలవులు పడి ఒక రోజు ఆలస్యంగా చేరింది. ఓడ ముద్ర పడాల్సిన చోటు ఖాళీగా ఉంది. జెండాతో పాటు ముద్ర కూడా లోపల పెట్టేశారు కాబట్టి వేయలేకపోయామని ఒక చిన్న చీటీ మర్యాదగా జత చేశారు. పసుపు కవరు సంగతి అడగనక్కర్లేదు. అలాంటిది చూసి ఎవరో పెళ్ళి శుభలేఖ పొరపాటున వచ్చిందని పక్కన పడేసి ఉంటారు. ఇక ఆ ముద్ర ఈ జన్మలో లేదు. ఆ రాత్రి చారులో ఉప్పు ఒక్కసారి కూడా పడలేదు.

ఇంకో పది రోజులు పోయాక, స్కూలుకి మాత్రమే సెలవున్న ఒక రోజున, మా పోస్ట్‌మాన్ సందు మొదట్లోంచే సైకిల్ బెల్లు ఆపకుండా కొట్టుకుంటూ వచ్చాడు. నా ఓడల భోగట్టా అంతా అతనికి తెలుసు.

"టీచర్ గారండి, దీని మీద అంతా లంగర్ల బొమ్మలేనండి. మీరు తెరిచే దాకా నేను కదలనండి."

పెద్ద బ్రౌన్ కవరు. తెరిచాను. లోపల అట్టముక్క, అట్ట మీద నా కవరు. నాలుగు మూలలా పసుపు. స్టాంపు మీద కూడా పసుపే. ఆ పసుపు మీద నల్లగా, ఒక్క అక్షరం చెదరకుండా, ఆఖరి రోజు తారీఖు. పక్కనే గుండ్రంగా ఓడ ముద్ర, లంగరుతో సహా. నా దగ్గర ఉన్న అన్ని కవర్లలోనూ అంత స్పష్టంగా పడ్డ ముద్ర ఇంకొకటి లేదు. నేను పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు నా చేత్తో నాలుగుసార్లు కొట్టాను. అతను చాలా సంతోషించాడు. మా ఆయన పక్కింట్లో మోటారు దింపుతూ తల బయటికి పెట్టి, "ఎవరికి పెళ్ళి?" అని అడిగాడు.

కవరుతో పాటు తెలుగులో రాసిన ఉత్తరం ఒకటి ఉంది. అత్తయ్యగారికి వినపడేట్టు పైకి చదివాను.

"అమ్మా, నమస్కారమండి. మాది ఉప్పాడండి. మా ఇల్లు ఉండే చోట ఇప్పుడు సముద్రం ఉందండి. నేను ఈ ఓడలో ఆరేళ్ళు చేశాను. ఆఖరి రోజు ముద్ర కోసం చాలా కవర్లు వచ్చాయండి. అన్నీ తెల్లవేనండి. ఇది చూసి మా ఆఫీసరుగారు ఈ రంగు ఏంటని అడిగారు. మా వైపు మంచి పనికి పంపే ఉత్తరానికి ఇలా రాస్తారు సార్, ఎవరో పెద్దావిడ మన ఓడకి రాశారు అని చెప్పాను. అప్పటిదాకా మేమందరం ఓడ పోతోందనే దిగులుగా ఉన్నాం. ఆయన, అయితే మొదటి ముద్ర దీనికే వెయ్యి అన్నారు. జెండా దించకముందే డెక్ మీద వేశానండి. ఒక మూల పసుపు అట్టకి అంటుకుని ఊడిపోయిందండి. మూడు మూలలతో పంపడం బాగోదని మా వంటింట్లో చిటికెడు అడిగి తెచ్చి నేనే దిద్దాను. తప్పయితే క్షమించండి."

నేను తల ఎత్తేసరికి అత్తయ్యగారు నవ్వుతున్నారు. ఆవిడ అలా నవ్వడం నేను ఆ ఇంటికి వచ్చాక చూడలేదు.

"వంటింటి పసుపే పెట్టాడా?"

"అవునండీ. అలాగే రాశాడు."

"అదీ వంటింటి పసుపే అమ్మాయ్."

"ఏదండీ?"

"నీ కూర మరక."

ఆవిడ లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీసిన చప్పుడు వినపడింది. నాకు ఇవ్వనన్న ఉత్తరం తెచ్చి ఇచ్చారు. మామయ్యగారి చేతిరాత. పెళ్ళికి ముందు, ఇంకా చూడని మామగారికి, అంటే అత్తయ్యగారి నాన్నగారికి, ఓడ మీద నుంచి రాసింది.

"పూజ్యులు మామగారికి నమస్కారములు. తమరు పంపిన శుభలేఖ ఓడకు చేరినది. అది చూపగా సెలవు ఇచ్చినారు. జవాబునకు పసుపు రాయవలెనని తెలియును గాని ఇచ్చట పూజకు ఉంచిన పసుపు లేదు. కూరలకు ఉంచిన పసుపే నాలుగు మూలలా రాసితిని. శుభమునకు పనికిరానిచో తెలుపగలరు. ఒడ్డుకు వచ్చిన పిమ్మట మంచి పసుపుతో మరల రాసెదను."

పదహారేళ్ళుగా చుట్టాల ముందు చెప్పిన జోకు ఒక్కొక్కసారీ గుర్తొచ్చింది. ప్రతిసారీ ఆవిడ మజ్జిగ వడ్డిస్తూనో, విస్తళ్ళు తీస్తూనో అక్కడే ఉన్నారు.

"మీ నాన్నగారు ఏమని జవాబు రాశారండీ?"

"నాన్న నన్ను పిలిచి అడిగారు. ఇలా రాశాడు, పనికొస్తుందా అమ్మాయ్ అని. సంబంధం చూసినప్పుడు నన్నెవరూ అడగలేదు, ముహూర్తం పెట్టినప్పుడూ అడగలేదు. అదొక్కటే అడిగారు. పనికొస్తుందన్నాను."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు కవరు అడిగావు, ఇచ్చాను. మరకేంటని అడగలేదుగా. నీకు ముందే తెలుసు."

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయింది అత్తయ్యగారూ అని ఆ రోజు అనాల్సిన మాట అప్పుడు అన్నాను. ఆవిడ వినిపించుకోనట్టు ఉత్తరం మళ్ళీ మడత పెట్టుకున్నారు. పోస్ట్‌మాన్ ఇంకా అక్కడే నిలబడి తుండుతో మొహం తుడుచుకుంటున్నాడు. అతనికి కాఫీ ఇచ్చి పంపాక, బీరువాలోంచి పాత కవరు తెచ్చి బల్ల మీద పెట్టాను. నల్ల కాగితపు మూల గోరుతో జాగ్రత్తగా లేపాను. కాగితం కింద నల్లబడిన పసుపులో, దగ్గరగా చూస్తే, బొటనవేలి గీతలు ఉన్నాయి. అన్నేళ్ళు భూతద్దం పెట్టి ముద్రనే చూశాను గానీ ఆ మూల చూడలేదు. కొత్త కవరు దాని పక్కన పెట్టాను. అత్తయ్యగారి వేలు ఒక చోట, ఉప్పాడ అబ్బాయి వేలు ఒక చోట, మామయ్యగారి వేలు ఒక చోట.

నాకు మళ్ళీ తల తిరగడం మొదలైంది. రాజమండ్రిలో మళ్ళీ ప్రదర్శన పెట్టబోతున్నారు, ఫారం ఇంట్లోనే ఉంది. తెచ్చి అక్కడే నింపాను. లోపాలు అన్న గడిలో "లేవు" అని రాశాను. అత్తయ్యగారు నా భుజం మీదుగా చూసి, "ఆ జడ్జిగారిది ఏ ఊరు?" అని అడిగారు. తెలియదన్నాను. "మన వైపు వాళ్ళయితే చెప్పక్కర్లేదు. కాకపోతే నేను కూడా వచ్చి చెబుతాను" అన్నారు. ప్రదర్శనలకి ఆవిడ రావడం అన్న ఊహకే మా ఆయన పక్కింటి మోటారు వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు ఆవిడ కన్ను బల్ల చివర ఉన్న మూడో కవరు మీద పడింది. మచ్చలేనిది, ఓడ ముద్ర లేనిది, ఒక రోజు ఆలస్యంగా వెళ్ళినది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"పాపం, దీన్ని చూస్తే ఎలాగో ఉంది. దీనికి కూడా పెట్టనా అమ్మాయ్?" అని ఈసారి అడిగారు.

నేను లేచి వెళ్ళి బోర్లించిన గిన్నె తీసి, పసుపు డబ్బాతో పాటు ఆవిడ ముందు పెట్టాను. "నీళ్ళు కొంచెం తక్కువ కలపండి అత్తయ్యగారూ. అట్టకి అంటుకుంటుంది" అన్నాను.